ఎవరూ నింపని గడి

కళ్ళ డాక్టరు పక్క గదిలోంచి కొత్త లెన్సులు తీసుకుని తిరిగి రావడానికి మూడు నిమిషాలు పట్టింది. ఆ మూడు నిమిషాల్లో కుర్చీలో ఉన్న మనిషి చచ్చిపోయాడు.

గడ్డం యంత్రం మీద ఆనించి, నుదురు పట్టీకి తగిలించి, ఎలా కూర్చోబెట్టారో అలాగే ఉన్నాడు. మెడ వెనక చీమ కుట్టినంత ఎర్రమచ్చ. ఎదురుగా అక్షరాల బోర్డుకి లైటు వెలుగుతూనే ఉంది. పై వరుస చదవమని రెండుసార్లు అడిగాక గానీ డాక్టరుకి విషయం బోధపడలేదు.

పోయినాయన యాభై ఎనిమిదేళ్ళ ఇంజనీరు. నది మీది పెద్ద డ్యామ్‌కి గేట్లు నడిపే కంప్యూటర్ వ్యవస్థ అంతా ఆయన చేతి మీదుగా తయారైందే. కుడి గుప్పిట్లో నలిగిన అపాయింట్‌మెంట్ చీటీ దొరికింది. దాని వెనక పెన్సిలుతో రెండే ముక్కలు: "అన్నీ శుభ్రంగానే ఉన్నాయి. అదే నా భయం."

గంటన్నర తర్వాత ఆ చీటీ ప్లాస్టిక్ కవరులో చీఫ్ బల్ల మీద ఉంది. బల్లకి ఇవతల నిలబడ్డవాడిని డిపార్ట్‌మెంట్‌లో అందరూ నిదానం అంటారు. అసలు పేరు ఫైల్లో ఉంది, ఫైలు తాళంలో ఉంది. తలుపు తీసేముందు కూడా ఆగి ఆలోచించే మనిషి కావడంతో ఆ పేరు పడింది. పదకొండేళ్ళ సర్వీసులో ఆ అలవాటు వల్ల నాలుగుసార్లు ప్రాణం దక్కించుకున్నాడు, రెండు ప్రమోషన్లు పోగొట్టుకున్నాడు.

చీఫ్ చెప్పాల్సింది నాలుగు ముక్కల్లో చెప్పాడు. సరిహద్దు అవతలి ముఠా ఒకటి ఆరు నెలలుగా ఈ డ్యామ్ మీద కన్నేసింది. నాలుగో రోజు పొద్దున పదకొండుకి, ఏడాదికోసారి జరిగే మెయింటెనెన్స్ కోసం కంప్యూటర్లన్నీ ఆపేస్తారు. పదకొండూ ఇరవైకి అవి వాటంతట అవే తిరిగి లేస్తాయి. సరిగ్గా ఆ పూటే మూడో గేటు వెనక సొరంగంలో వెల్డింగ్ అతుకుల పరీక్ష జరుగుతుంది. ఆ గేటు తెరుచుకుంటే సొరంగం నిండడానికి నాలుగు నిమిషాలు చాలు.

"లోపల ఎంతమంది ఉంటారు సార్?"

"అరవై మూడు."

"మెయింటెనెన్స్ వాయిదా వేస్తే?"

"ముఠా సంచి సర్దుకుని పోతుంది. ఇదే వ్యవస్థ ఇంకో ఐదు డ్యాముల మీద నడుస్తోంది. వాళ్ళు చేసిందేమిటో తెలియాలి. చేసినవాళ్ళు దొరకాలి. అంతవరకూ ఒక్కరిని కూడా హెచ్చరించడానికి వీల్లేదు." చీఫ్ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "ఆ అరవై మూడు మందిలో మీ చెల్లెలు ఉంది. తెలిసే నిన్ను పంపిస్తున్నాను. ఇంకెవరైనా అయితే మూడో రోజుకి చేతులెత్తేస్తారు. నువ్వు ఎత్తవు."

నిదానం చీటీ ఉన్న కవరు అందుకున్నాడు. చెల్లెలు వెల్డింగ్ ఇన్‌స్పెక్టర్. అన్నయ్య ఇన్సూరెన్స్ ఆఫీసులో గుమాస్తా అని ఆమె నమ్మకం.

వేషం తేలిగ్గానే దొరికింది. డ్యామ్ కంట్రోల్ బిల్డింగులో మాన్యువల్ రాసే మనిషి కావాలని రెండేళ్ళుగా ఒక పోస్టు ఖాళీగా ఉంది. ఎవరూ చదవని పుస్తకం రాసేవాడు ఎవరిని ఏమడిగినా అనుమానం రాదు. నిదానం మీసం తీసేశాడు, పాపిడి మార్చాడు, చంకలో ఫైలు పెట్టుకున్నాడు. గాడ్జెట్ల సెక్షన్ వాళ్ళు రెండు వస్తువులిచ్చారు. ఒకటి కళ్ళజోడు, స్క్రీన్ మీద ఏది చూస్తే అది ఫొటో తీస్తుంది. రెండోది పెన్ను, నొక్కితే మత్తు గ్యాసు కొడుతుంది, అదీ ఒక్కసారే. ఆ పెన్ను రాయదు. మాన్యువల్ రాసేవాడికి రాయని పెన్ను ఇచ్చారేమిటని అడిగితే, ఇంకోటి కొనుక్కోమన్నారు.

లోపల డిపార్ట్‌మెంట్ మనిషి ఒకరున్నారు. వాళ్ళని కలవాల్సింది బిల్డింగు ఎదురుగా ఉన్న జిరాక్స్ షాపులో. మొదటి రోజు మధ్యాహ్నం నిదానం అక్కడికెళ్ళి యంత్రం దగ్గరున్నామెను, కాగితానికి రెండు వైపులా తీస్తారా అని అడిగాడు.

"ఒకవైపే. రెండోవైపు మీరు చేత్తో రాసుకోవాలి," అంది ఆమె, తల తిప్పకుండానే.

కోడ్ సరిపోయింది. ముదురు నీలం కోటు, చెవులకు ముత్యాలు, ఎవరి మాటకీ తొణకని కళ్ళు. ఆమె నడిచి వెళ్తుంటే షాపువాడు చిల్లర లెక్క మర్చిపోయి మళ్ళీ మొదలుపెట్టాడు. కంట్రోల్ సాఫ్ట్‌వేర్‌ని తనిఖీ చేయడానికి బయటి కంపెనీ తరఫున వచ్చిన ఆడిటర్‌గా ఐదు నెలల నుంచి ఇక్కడ ఉంటోంది. ముఠా ఆమెను తమ మనిషి అనుకుంటోందని, ఆమె డిపార్ట్‌మెంట్ కోసమే పనిచేస్తోందని చీఫ్ చెప్పాడు. నిదానం నమ్మాడు. నమ్మానన్న మాట తర్వాత రిపోర్టులో అతనే రాశాడు.

కంట్రోల్ రూము మూడో అంతస్తులో ఒక పొడుగాటి హాలు. గోడంతా స్క్రీన్లు, కింద అరిగిపోయిన రబ్బరు మ్యాటు, మూలన నీళ్ళ కుండీలో ప్లాస్టిక్ మొక్క. సీనియర్ ఆపరేటర్‌ని అందరూ తాతగారంటారు. ఇంకో ఏడు నెలల్లో రిటైరవుతాడు. నిదానానికి మొదటి రోజే రాతబాబు అని పేరు పెట్టేశాడు. వ్యవస్థ ఎలా నడుస్తుందో చెప్పింది కూడా ఆయనే.

మొత్తం నూట నలభై సర్వీసులు. ఒక్కో సర్వీసు ఒక్కో పని చేసే చిన్న ప్రోగ్రామ్. ఒకటి నీటిమట్టం కొలుస్తుంది. ఒకటి గేటు తిప్పుతుంది. ఒకటి సొరంగంలో మనుషుల బ్యాడ్జీలు లెక్కపెడుతూ, లోపల ఎవరైనా ఉంటే గేటుకి అడ్డం పడుతుంది. దాని పేరు కాపలా. వీటన్నిటినీ లేపి, ఒకదానికి కావలసిన ఇంకోదాన్ని తెచ్చి చేతికందించేది డిపెండెన్సీ ఇంజెక్షన్ ఫ్రేమ్‌వర్క్. అంత పేరు పలకలేక కంట్రోల్ రూములో దాన్ని మేస్త్రీ అంటారు. మేస్త్రీ దగ్గర జాబితా ఉంటుంది. పైనుంచి కిందికి ఒక్కొక్కరినీ లేపుకుంటూ పోతాడు.

"గేటు లేచేసరికి కాపలా మెలకువగా ఉండాలి కదా తాతగారూ. ఆ సంగతి ఎక్కడ రాసుంది?"

"రాయడమెందుకు? ఇరవయ్యేళ్ళుగా కాపలాయే ముందు లేస్తోంది. దీనికి కూడా రాతకోతలు కావాలా బాబూ?"

ప్రతి సర్వీసుకీ ఒక పరిచయ పత్రం ఉంది. అందులో 'నాకు ముందు ఎవరు లేచి ఉండాలి' అని ఒక గడి. అది నింపితే జాబితాలో వరుస ఎలా ఉన్నా మేస్త్రీ ఆ మాటకే కట్టుబడతాడు. చనిపోయిన ఇంజనీరు ఎంతో ముందుచూపుతో పెట్టిన గడి అది. నూట నలభై పత్రాల్లోనూ ఖాళీగానే ఉంది. కాగితం పని కింద లెక్కగట్టి, వాటిని దిద్దే హక్కు మాన్యువల్ రాసేవాడికి వదిలేశారు. నింపకపోతే తిట్టేవాళ్ళు లేరు, నింపితే మెచ్చుకునేవాళ్ళూ లేరని తాతగారు నవ్వాడు.

రెండు రోజులు నిదానం ఒక్కో సర్వీసు లోపలికీ వెళ్ళి వెతికాడు. కళ్ళజోడు తీసిన ఫొటోలు డిపార్ట్‌మెంట్ నిపుణులు జల్లెడ పట్టారు. దొంగ ప్రోగ్రామ్ లేదు, అదనపు లైను లేదు, బయటికి పోయే దారి లేదు. ఇంజనీరు చీటీలో రాసినట్టే అన్నీ శుభ్రంగా ఉన్నాయి.

మూడో రోజు జిరాక్స్ షాపులో అతను చేయకూడని పని చేశాడు. సొరంగంలో తన చెల్లెలు ఉంటుందని ఆడిటర్‌తో చెప్పేశాడు. ఆమె భయపడొద్దంది. తర్వాత గొంతు తగ్గించి, ముసలాయన మీద కన్నేసి ఉంచమంది. కంట్రోల్ రూము తాళాలన్నీ ఆయన దగ్గరే ఉంటాయట, తెల్లవారకముందే ఎక్కడికో పోయి వస్తాడట.

ఆ మాట పట్టుకుని నిదానం తాతగారి వెంటపడ్డాడు. నాలుగో రోజు తెల్లారేసరికి ఆయన ఇంటి వెనక కిటికీ దగ్గర నక్కి ఉన్నాడు. లోపల తాతగారు బకెట్లో వేడినీళ్ళు కలుపుతున్నాడు. మంచం మీద భార్య, ఒక పక్కంతా పడిపోయిన మనిషి. ఆయన ఆమెకు ఒళ్ళు తుడిచాడు, జడ వేశాడు, వంకరగా వచ్చిందని విప్పి మళ్ళీ వేశాడు. తర్వాత రెండు వీధుల అవతలి మందుల షాపు దాకా వెళ్ళి వచ్చాడు. తెల్లవారకముందు ఆయన పోయి వచ్చే చోటు అదే. నిదానం సిగ్గుతో తలొంచుకుని వెనక్కి నడిచాడు. ఒక రోజు వృథా అయింది. మిగిలినవి ఐదు గంటలు.

తొమ్మిదింటికి చెల్లెలు ఫోన్ చేసింది. సొరంగంలోకి దిగుతున్నానని, సాయంత్రం దాకా సిగ్నల్ ఉండదని, అమ్మ అడిగితే చెప్పమని. అతను సరేనన్నాడు. ఆమె పెట్టేశాక కూడా ఫోన్ చాలాసేపు చెవి దగ్గరే పట్టుకుని ఉండిపోయాడు.

పదకొండుకి కంప్యూటర్లు ఆగిపోయాయి. గోడ మీది స్క్రీన్లు ఒక్కొక్కటే నల్లబడ్డాయి. కన్సోల్ ఒక్కటి బ్యాకప్ మీద వెలుగుతోంది, దాని మూలన ఇరవై నిమిషాల కౌంట్‌డౌన్. మిగతా సిబ్బంది కింద రిలే గదిలో ఉన్నారు. హాల్లో తాతగారు, నిదానం.

తాతగారు సొరుగులోంచి నిరుటి స్టార్టప్ ప్రింటు తీశాడు. ఏ సర్వీసు ఎప్పుడు లేచిందో టిక్కు పెట్టుకోవడానికి ఏటా దాన్నే వాడతాడట. మాన్యువల్లో అతికించుకోమని నిదానం చేతికిచ్చాడు.

నిదానం చూశాడు. ఒకటో లైను, కాపలా. యాభై ఏడో లైను, మూడో గేటు. తర్వాత కన్సోల్ మీద ఈ ఏటి జాబితా తెరిచాడు. ముచ్చటగా ఉంది. యంత్రాలన్నీ ఒక గుంపు, భద్రత ఒక గుంపు, రికార్డులు ఒక గుంపు. చదవడానికి వీలుగా సర్దినట్టు పైన ఒక నోటు. మూడో గేటు తొమ్మిదో లైనులో ఉంది. కాపలా ఎనభై ఎనిమిదిలో.

ఒక్క ప్రోగ్రామ్‌నీ ఎవరూ పాడుచేయలేదు. ఎవరు ముందు, ఎవరు తర్వాత అన్నది మార్చారు, అంతే.

"తాతగారూ, గేటు లేచి అడిగేసరికి కాపలా ఇంకా లేవకపోతే?"

"జవాబు రాకపోతే లోపల ఎవరూ లేరనే దాని లెక్క. ఖాళీ రోజుల్లో కాపలాని ఆపేసి గేటు కడిగేవాళ్ళం, అందుకని అలా పెట్టాం. ఏం?"

నిదానం గేట్లకి వచ్చిన ఆర్డర్లు వరుసగా ఆగి ఉండే క్యూ తెరిచాడు. పది గంటల యాభై తొమ్మిదికి, అంటే అన్నీ ఆగిపోవడానికి నిమిషం ముందు, ఎవరో బయటినుంచి ఒక ఆర్డర్ పెట్టారు: మూడో గేటు, పూర్తిగా తెరువు. గేటు కళ్ళు తెరవగానే మొదట చూసేది దాన్నే. అప్పుడు జాబితా కింద ఉన్న సంతకం చూశాడు.

జాబితా పొద్దునే సీల్ అయింది. దాన్ని మళ్ళీ తెరవడానికి ఆ సంతకం చేసిన ఆడిటర్ కీయే కావాలి. సొరంగం ఫోన్లు ఆగిపోయిన వ్యవస్థలో భాగం. మనిషి పరిగెత్తి వెళ్ళినా ఇరవై అయిదు నిమిషాలు. కరెంటు తీస్తే బ్యాటరీలు అందుకుంటాయి. కౌంట్‌డౌన్ ఏడు నిమిషాల పన్నెండు సెకన్ల దగ్గర ఉంది.

తలుపు మూసుకుని, లోపల గడియ పడిన చప్పుడు వినిపించింది.

"కీబోర్డు మీంచి చేతులు తీయండి రాతబాబూ," అంది ఆడిటర్. చేతిలో సైలెన్సర్ బిగించిన చిన్న పిస్టల్. ముత్యాలు కదలకుండా ఉన్నాయి.

నిదానం చేతులు తీయలేదు. అరవై మూడు మంది అన్నాడు. జాబితా ఒక్కసారి తెరవమన్నాడు, కాపలాని పైకి జరిపి మూసేద్దామన్నాడు, ముఠా ఇచ్చే డబ్బుకన్నా ప్రాణం ముఖ్యమనుకుంటే ఆమెకి రక్షణ సంగతి కూడా మాట్లాడదామన్నాడు. ఆమె జాలిగా తల అడ్డంగా ఊపింది. కౌంట్‌డౌన్ రెండు నిమిషాలకి దిగింది.

"జాబితా తిరగరాసినా లాభం లేదు. కాపలాకి గేటు ముందు కావాలని ప్రోగ్రామ్ లోపలే రాయించాను. గేటు ఎంత తెరుచుకుందో కొలవాలి కదా అంటే మీ నిపుణులు కూడా నిజమే అన్నారు. మీరు దాన్ని ఒకటో లైనులో పెట్టినా మేస్త్రీ గేటునే ముందు లేపుతాడు. ఇక వదిలెయ్యండి."

నిదానం ఆమె మొహం చూస్తూ ఒక్క క్షణం ఆగాడు. కాపలాకి గేటు ముందు కావాలి. మరి గేటుకి కాపలా ముందు కావాలని కూడా రాస్తే?

చదువుకునే రోజుల్లో ప్రతివాడూ ఒక్కసారైనా చేసి తిట్లు తినే తప్పు అది. రెండు సర్వీసులు ఒకదాని కోసం ఒకటి ఎదురుచూస్తూ గుండ్రంగా తిరుగుతాయి. అది చూసిన మేస్త్రీ ఒక్కరిని కూడా లేపడు. మొత్తం పని మానుకుంటాడు. గేటు బ్రేకు మీదే ఉండిపోతుంది.

అతని వేళ్ళు మూడో గేటు పరిచయ పత్రం తెరిచాయి. ఆమె అది చూసింది. వెంటనే అర్థం కూడా చేసుకుంది.

పిస్టల్ లేచేసరికి తాతగారు కుర్చీలోంచి లేచాడు. పెద్ద హడావుడి ఏమీ లేదు. బస్సులో ఎవరికో చోటిస్తున్నట్టు లేచి మధ్యలోకి వచ్చి నిలబడ్డాడు. "ఆగమ్మా, లోపల మనుషులున్నారు," అన్నాడు. దగ్గు లాంటి చప్పుడు. తాతగారు రబ్బరు మ్యాటు మీద కూర్చుండిపోయాడు, తర్వాత పక్కకి ఒరిగాడు.

రెండో గుండు నిదానం ఎడమ అరచేతిలోంచి దూసుకుపోయింది. గడిలో సగం మాటే పడింది. కుడి చేత్తో పెన్ను తీసి నొక్కాడు. ఆమె మూడో గుండు పైకప్పుకి తగిలింది, ఆమె నేలకి తగిలింది. గ్యాసు తనకీ ఎక్కుతోంది, అక్షరాలు అలుక్కుపోతున్నాయి. ఒక్క వేలితో మిగతా మాట కొట్టాడు. సేవ్ నొక్కాడు. పత్రం తెరిచిన కారణం రాయమని కంప్యూటర్ అడిగింది. ఏమని రాశాడో అతనికి ఇప్పటికీ గుర్తు లేదు. మళ్ళీ నొక్కాడు.

రెండు. ఒకటి.

మేస్త్రీ లేచాడు. పత్రాలు చదివాడు. కన్సోల్ మీద ఎర్రటి లైను ఒకటి వచ్చింది: మూడో గేటుకి కాపలా కావాలి, కాపలాకి మూడో గేటు కావాలి, ప్రారంభించడం సాధ్యం కాదు. గోడ మీది స్క్రీన్లన్నీ నల్లగానే ఉండిపోయాయి.

నిదానం పాక్కుంటూ తాతగారి దగ్గరికి వెళ్ళి మెడ మీద వేళ్ళు పెట్టి చూశాడు. చాలాసేపు అలాగే పెట్టి ఉంచాడు.

వ్యవస్థ లేవకపోవడంతో క్యూలోని ఆర్డర్‌ని చెరపడం ముఠావాళ్ళ వల్ల కాలేదు. అది ఎక్కడినుంచి వచ్చిందో ఆ చిరునామా పట్టుకుని మధ్యాహ్నానికి మూడు ఊళ్ళలో పద్నాలుగు మందిని పట్టేశారు. మిగతా ఐదు డ్యాముల్లో రెండు చోట్ల జాబితాలు అప్పటికే ముచ్చటగా సర్ది ఉన్నాయి. బేడీలతో తీసుకెళ్తుంటే ఆడిటర్ మెట్ల దగ్గర ఆగింది.

"మీ చెల్లెలిది మధ్యాహ్నం షిఫ్టు అనుకున్నాను," అంది. అదేదో క్షమాపణ అన్నట్టే అంది.

తాతగారి ఇంటికి ఎవరు వెళ్ళాలన్న ప్రశ్న వచ్చింది. నిదానం తనే వెళ్తానన్నాడు. డిపార్ట్‌మెంట్ ఏర్పాటు చేసిన నర్సును వెంటబెట్టుకెళ్ళాడు. చెప్పమన్నట్టే గుండెపోటు అని చెప్పాడు. మంచం మీదున్న తాతగారి భార్యకు మాట రాదు. అతను చెప్పినంతసేపూ ఆమె అతని భుజం మీదుగా తలుపు వైపే చూస్తూ ఉంది.

సాయంత్రం చెల్లెలు ఫోన్ చేసింది. ఒంటి మీద సొరంగం మురికి ఇంకా కడుక్కోలేదట, కోపం ముందు వెళ్ళగక్కాలట. కంప్యూటర్లు లేవకపోవడంతో నాలుగు గంటలు లోపల చీకట్లో కూర్చోబెట్టారు. అతను ఎడమ చేతి కట్టు ఒళ్ళో పెట్టుకుని విన్నాడు.

"ఎవడో కొత్తగా చేరిన మాన్యువల్ రాసేవాడట అన్నయ్యా. గడిలో రాయకూడనిది రాసి మొత్తం ఆపేశాడట. కాలేజీ పిల్లలు కూడా చేయరట ఆ తప్పు. ఆ గందరగోళంలో కంట్రోల్ రూములో ఒక పెద్దాయనకి గుండె ఆగిపోయిందట పాపం. ఆ ఉసురు వాడికే తగులుతుంది." కాస్త ఊపిరి తీసుకుంది. "అసలు ఇలాంటివాళ్ళకి ఉద్యోగాలు ఎలా వస్తాయో నాకర్థం కాదు."

నిదానం ఫోన్ రెండో చెవికి మార్చుకున్నాడు.

"ఇంట్లోవాళ్ళెవరో అక్కడ పనిచేస్తూ ఉండుంటారులే," అన్నాడు. "అది చూసి తీసుకుని ఉంటారు."